చేతిపనికి వెల కట్టుకుందాం

(సభ్య కుటుంబాల కోసం మన గుడి హాలులో వాలంటీర్లు జరిపిన సమావేశంలోని ప్రసంగ పాఠం)

 

మేము గుడి వెబ్‌సైటు, పండుగ బజారు టేబుళ్ల రిజిస్ట్రేషను చూసుకునే వాలంటీర్లం. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లం. మాలో లాయర్లు లేరు, అకౌంటెంట్లు లేరు. అయినా శ్రావణమాసం మొదలైన దగ్గర నుంచి సంక్రాంతి దాకా మాకు వచ్చే ఈమెయిళ్లలో సగం ఒకే రకం ప్రశ్నలు. "టేబుల్ ఎంత?" అనేది మొదటి ప్రశ్న. ఆ తర్వాత అసలు ప్రశ్నలు వస్తాయి. మా ఆవిడ హెచ్-4 మీద ఉంది, టేబుల్ పెట్టవచ్చా? సేల్స్ టాక్స్ కట్టాలా? అరిసెలు అమ్మవచ్చా? తోరణం ఎంతకు అమ్మితే బాగుంటుంది? ఇవి ఒక్కొక్కరికి విడిగా జవాబు రాసే ప్రశ్నలు కావు. అందుకే చదివి, లెక్కలు వేసి, తెలిసినవారిని అడిగి, ఈ రోజు అందరి ముందూ పెడుతున్నాం.

కాపెల్‌లోనూ, చుట్టుపక్కల వ్యాలీ రాంచ్, ఇర్వింగ్, లూయిస్‌విల్, ఫ్లవర్ మౌండ్‌లలోనూ మన ఆడవాళ్ల చేతుల్లో ఎంత విద్య ఉందో మన గుడి బజారు చూస్తే తెలుస్తుంది. మగ్గం వర్క్ బ్లౌజులు, వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి అలంకరణ, బొమ్మల కొలువు మెట్లు, రంగు వేసిన ప్రమిదలు, రిటర్న్ గిఫ్టు సంచులు, సున్నిపిండి, కారప్పొడులు, పూతరేకులు. ఈ విద్యకు లోటు లేదు. లోటల్లా దాని చుట్టూ ఉండవలసిన లెక్కలోనే. ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందు కాగితాలు, తర్వాతే కత్తెర

అన్నిటికంటే కష్టమైన సంగతి మొదట చెప్పేస్తాం. ఎవరు అమ్మవచ్చు అన్నది చేతిలో ఉన్న విద్యను బట్టి కాదు, చేతిలో ఉన్న వీసాను బట్టి ఉంటుంది.

అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు నిశ్చింతగా మొదలుపెట్టవచ్చు. గ్రీన్ కార్డు దరఖాస్తు మీద వర్క్ పర్మిట్ వచ్చినవారూ సొంత వ్యాపారం చేసుకోవచ్చు. హెచ్-4 మీద ఉన్నవారిలో కొందరికే వర్క్ పర్మిట్ వస్తుంది. 2015 మే 26 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, భర్తకో భార్యకో ఐ-140 ఆమోదం పొంది ఉండాలి, లేదా ఆరేళ్లు దాటి హెచ్-1బి పొడిగింపు వచ్చి ఉండాలి. ఆ కార్డు చేతికి వచ్చాక సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు. ఎల్-2 మీద వచ్చిన భార్యాభర్తలకు 2021 నవంబరు నుంచి ఆ హోదాతోనే పని చేసే హక్కు ఉంది. వారు తమ ఐ-94లో ఎల్-2ఎస్ అని ఉందో లేదో చూసుకోవాలి.

కార్డు లేని హెచ్-4 వారు అమ్మకూడదు. హెచ్-1బి వారు స్పాన్సరు చేసిన కంపెనీకి తప్ప వేరే పని చేయకూడదు, అది సొంత పని అయినా సరే. ఎఫ్-1 విద్యార్థులకూ ఇలా అమ్మే వీలు లేదు. ఇక్కడే చాలామంది దారులు వెతుకుతారు. "వాట్సాప్ గ్రూపులోనే కదా", "డబ్బులు ఇండియా ఖాతాలో వేయించుకుంటాం", "మా ఆయన పేరు మీద పెడతాం". ఇవేవీ దారులు కావు. పని ఇక్కడ కూర్చుని చేస్తున్నాం, దానికి డబ్బు తీసుకుంటున్నాం. ఖాతా ఏ దేశంలో ఉన్నా అది పనే. ఆయన హెచ్-1బి మీద ఉంటే ఆయన పేరు పెట్టడం వల్ల ఒకరి సమస్య ఇద్దరిదవుతుంది. గ్రీన్ కార్డు కోసం పదేళ్లుగా వరసలో నిలబడ్డ కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. రెండు వందల డాలర్ల జుంకాల కోసం ఆ వరసను పణంగా పెట్టవద్దు.

కార్డు ఉన్నవారికి ఇంకో మాట. 2025 అక్టోబరు 30 నాడు గానీ ఆ తర్వాత గానీ వేసిన రెన్యువల్ దరఖాస్తులకు, ముందున్నట్టు కార్డు గడువు దానంతట అది పొడిగించే వెసులుబాటు తీసేశారు. అంటే పాత కార్డు గడువు తీరి కొత్తది రాకపోతే, ఆ రోజు నుంచి కుట్టు మిషను ఆపాల్సిందే. గడువుకు 180 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు కాబట్టి ఆ తేదీని క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాసుకోండి. గడువు తేదీ దాటాక ఇవ్వాల్సిన పెళ్లి ఆర్డర్లు ముందుగా ఒప్పుకోకండి. అవతల పెళ్లికూతురి బ్లౌజు ఆగిపోతుంది. మీ సొంత పరిస్థితి గురించి ఇమిగ్రేషన్ లాయరును ఒక్కసారి అడగండి. ఆ ఫీజు ఈ వ్యాపారానికి మొదటి పెట్టుబడి అనుకోండి.

కార్డు లేని అక్కచెల్లెళ్లు ఈ మాట విని బాధపడతారని మాకు తెలుసు. ఎంబీఏలు, ఇంజనీరింగులు చదివి, ఇంట్లో కూర్చోవలసి వచ్చి, చేతిపనిలో కాస్త ఊరట వెతుక్కున్నవారు వీరిలో ఉన్నారు. గుడి అలంకరణకు తోరణం కట్టి ఇవ్వడం సేవ, స్నేహితురాలి సీమంతానికి గాజుల పళ్లెం అలంకరించి ఇవ్వడం ప్రేమ. వాటికి అడ్డు లేదు. చేసిన ప్రతి పనినీ ఫోటో తీసి దాచుకోండి. ఏ రంగు ఎక్కడ దొరికింది, ఎంత సేపు పట్టింది రాసుకోండి. కార్డు వచ్చిన రోజున మీ దగ్గర ఖాళీ పుస్తకం బదులు నిండు పుస్తకం ఉంటుంది.

మన గంటకు ధర ఎంత?

ఇక వెల సంగతి. తెలుగు నేల మీద చేతిపని గురించి మాట్లాడితే నరసాపురం లేసు గుర్తుకు రావాలి. పశ్చిమ గోదావరిలో, క్రైస్తవ మిషనరీల ద్వారా పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన ఈ అల్లిక వేల ఇళ్లలో ఆడవాళ్ల చేతి పని అయింది, విదేశాలకు ఎగుమతి అయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి పల్లెల్లో తిరిగి చూసి 1982లో దాని మీద ఒక పుస్తకం ప్రచురించారు. ఆమె గమనించిన సంగతి ఇది: ఆ స్త్రీలు గంటల తరబడి అల్లుతున్నా, వాళ్లను పనివాళ్లుగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఇంట్లో కూర్చున్న గృహిణులు, ఖాళీ సమయంలో ఏదో అల్లుకుంటున్నారు అనేవారు. ఖాళీ సమయం అన్న ఆ ఒక్క మాట వల్ల వాళ్ల కూలి అట్టడుగున ఉండిపోయింది. లాభం వర్తకుల దగ్గర పోగయింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ పేరు రావడం వేరు, అల్లిన చేతికి కూలి రావడం వేరు.

మన కాపెల్ ఇళ్లలో మాట కూడా దాదాపు ఇదే. "ఎలాగూ పిల్లలు స్కూలుకు వెళ్లాక ఖాళీయే కదా, సరుకు ఖర్చు వస్తే చాలు." ఈ వాక్యాన్ని ఇక్కడితో వదిలేద్దాం. పిల్లలు స్కూల్లో ఉన్న ఆ ఆరేడు గంటలు మీవి. వాటికి వెల ఉంది.

ఒక లెక్క వేద్దాం. గుమ్మానికి కట్టే ముత్యాల తోరణం అనుకుందాం. పూసలు, దారం, గుడ్డ కలిపి 9 డాలర్లు. ప్యాకింగు ఒకటిన్నర. బజారులో టేబుల్‌కు 100 డాలర్లు కట్టి 40 వస్తువులు అమ్మితే ఒక్కో వస్తువు మీద పడేది రెండున్నర. కార్డు మీద డబ్బు తీసుకుంటే సుమారు ఒక డాలరు పోతుంది. మొత్తం 14. తోరణం 30 డాలర్లకు అమ్మారు. 16 మిగిలాయి. బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ అది కట్టడానికి రెండున్నర గంటలు పట్టింది. గంటకు 6 డాలర్ల 40 సెంట్లు. టెక్సాస్‌లో చట్టం చెప్పే కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. అంటే మన పనిమనిషి మనమే, ఆ మనిషికి చట్టం ఇవ్వమన్నంత కూడా మనం ఇవ్వడం లేదు.

ఇప్పుడు రంగు వేసిన ప్రమిదల సెట్టు చూడండి. సరుకు 4 డాలర్లు, డబ్బా 75 సెంట్లు, టేబుల్ వాటా ఒక డాలరు, కార్డు ఖర్చు అర డాలరు. అమ్మకం ధర 12. మిగిలేది 5 డాలర్ల 75 సెంట్లు. అయితే ఇరవై సెట్లు ఒకేసారి పరిచి, ముందు అన్నిటికీ ఒక రంగు, అది ఆరేలోగా ఇంకో రంగు, అలా ఐదు గంటల్లో పూర్తి చేయవచ్చు. ఒక్కో సెట్టుకు పావుగంట. గంటకు 23 డాలర్లు పడింది. బల్ల మీద చూస్తే తోరణమే ఖరీదైన వస్తువు. లెక్కలో చూస్తే ఇంటికి డబ్బు తెచ్చేది ప్రమిద.

దీని అర్థం తోరణం మానేయమని కాదు. మూడు దారులు ఉన్నాయి. ఒకటి, పని విడగొట్టి పదేసి ఒకేసారి చేసి గంటలు తగ్గించడం. రెండు, గంటకు 15 డాలర్లు వేసుకుని అసలు ధర 52 అని రాసిపెట్టి, ఆ ధర ఇవ్వగలిగే గృహప్రవేశాల ఆర్డర్లకే చేయడం. మూడు, టేబుల్ ముందు అందం కోసం ఒకటి వేలాడదీసి, దాని కింద ప్రమిదలు అమ్మడం. ఏ దారైనా సరే, కళ్లు తెరుచుకుని ఎంచుకోండి. అందుకోసం ప్రతి కొత్త వస్తువూ మొదటి మూడుసార్లు చేసేటప్పుడు ఫోనులో టైమర్ పెట్టండి. ఎంత సేపు పట్టిందో మన మనసు ఎప్పుడూ తక్కువే చెబుతుంది.

సరుకు ఇండియా నుంచి తెప్పించుకునేవారు ఒకటి గమనించాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి నిలిపేశారు. బేగంబజారులో ఉన్న ధరకు షిప్పింగు కలిపితే సరిపోయే రోజులు కావివి. పాత సరుకుతో చేసిన వస్తువు ధర, కొత్త సరుకుతో చేసే వస్తువు ధర వేరు వేరుగా రాసుకోండి.

మూడు కవర్లు

అమ్మిన రోజు సాయంత్రం వచ్చిన డబ్బును మూడు కవర్లుగా విడదీయండి. మనం ఇంజనీర్లం కాబట్టి స్ప్రెడ్‌షీటులో మూడు నిలువు వరసలు అన్నా సరే.

మొదటి కవరు టెక్సాస్ ప్రభుత్వానిది. బట్టలు, నగలు, అలంకరణ వస్తువుల మీద సేల్స్ టాక్స్ ఉంది. కాపెల్‌లో అది 8.25 శాతం, అందులో రాష్ట్రానిది 6.25. రెండు రోజుల బజారులో 1,200 డాలర్ల సరుకు అమ్మితే 99 డాలర్లు పన్ను. ఆ 99 మనవి కావు, కొన్నవారి దగ్గర ప్రభుత్వం తరఫున వసూలు చేసి పెట్టినవి. ఇందుకు కంప్ట్రోలర్ ఆఫీసు ఇచ్చే సేల్స్ టాక్స్ పర్మిట్ కావాలి. అది ఉచితం, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. పర్మిట్ తీసుకున్నాక ఆ కాలంలో ఒక్క వస్తువు అమ్మకపోయినా సున్నా అని రిటర్ను వేయాలి. ఆలస్యమైతే 50 డాలర్ల జరిమానా. పర్మిట్ వల్ల లాభం కూడా ఉంది. తిరిగి అమ్మే వస్తువులో కలిసే పూసలు, గుడ్డ కొనేటప్పుడు రీసేల్ సర్టిఫికెట్ ఇస్తే అక్కడ పన్ను కట్టనక్కరలేదు. తినే వస్తువులకు నియమాలు వేరు, వాటిలోనూ రకాన్ని బట్టి తేడాలున్నాయి. మీ వస్తువు దేని కిందికి వస్తుందో కంప్ట్రోలర్ సైటులో చూసుకోండి.

రెండో కవరు ఐఆర్ఎస్‌ది. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు, అంతకు మించి మిగిలితే ఆదాయపు పన్నుతో పాటు సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ కూడా ఉంటుంది. అది 15.3 శాతం, లాభంలో 92.35 శాతం మీద లెక్కిస్తారు. 4,000 డాలర్లు మిగిలితే ఈ ఒక్క పన్నే సుమారు 565 డాలర్లు. జెల్ మీద వచ్చింది కదా, ఫారం ఏదీ రాలేదు కదా అనుకోకండి. 1099-కె ఫారం హద్దు ఇప్పుడు 20,000 డాలర్లు, 200 లావాదేవీలు. అది కంపెనీ ఫారం పంపాల్సిన హద్దు, మనం ఆదాయం చూపించాల్సిన హద్దు కాదు. కాలక్షేపానికి చేశాం అన్నా ఆదాయం చూపించాలి. పైగా అప్పుడు ఖర్చులు తీసివేసుకునే వీలు పోతుంది. వ్యాపారంగా షెడ్యూల్ సి మీద చూపిస్తే సరుకు, టేబుల్ అద్దె, ప్యాకింగు, డెలివరీకి తిరిగిన మైళ్లు, అన్నీ తీసివేయవచ్చు. 2025 సంవత్సరానికి మైలుకు 70 సెంట్లు. ఫ్రిస్కో వెళ్లి రావడం చిన్న సంగతి కాదు, రాసిపెట్టుకోండి.

మూడో కవరు మీది. దానిలోంచి సగం తర్వాతి పండుగ సరుకుకు పక్కన పెట్టండి. మిగిలింది మీ జీతం. అది ఇంటి కిరాణాలో కలిసిపోకుండా మీ పేరున విడిగా ఒక ఖాతా తెరవండి. వ్యాపారం బాగుందో లేదో చెప్పేది ఆ ఖాతాయే.

పేరు గురించి కూడా అడుగుతుంటారు. సొంత పేరు కాక వేరే పేరుతో అమ్మాలంటే కౌంటీ క్లర్కు దగ్గర ఆ పేరు నమోదు చేయించాలి. ఎల్ఎల్‌సీకి రాష్ట్రానికి 300 డాలర్లు కట్టాలి. మొదటి బజారుకే ఎల్ఎల్‌సీ అవసరం లేదు. తినే వస్తువులు, పిల్లల వస్తువులు క్రమం తప్పకుండా అమ్మే రోజు వచ్చినప్పుడు దాని గురించి, లయబిలిటీ ఇన్సూరెన్సు గురించి కలిపి ఆలోచించండి. మామూలు ఇంటి ఇన్సూరెన్సు సాధారణంగా వ్యాపారపు సరుకును, దాని వల్ల వచ్చే నష్టాన్ని పూర్తిగా కాపాడదు. మీ హెచ్ఓఏ నియమాలు కూడా ఒకసారి చదవండి.

తినేవి, ఒంటికి రాసుకునేవి, పిల్లల చేతికిచ్చేవి

ఇంటి వంటలు అమ్మడానికి టెక్సాస్‌లో కాటేజ్ ఫుడ్ చట్టం ఉంది. 2011లో మొదలై మూడుసార్లు విస్తరించింది. 2025 సెప్టెంబరు 1 నుంచి అమలైన మార్పుతో ఏడాది అమ్మకాల హద్దు 50,000 నుంచి 150,000 డాలర్లకు పెరిగింది. మాంసం, చేపలు, ఐసు, పచ్చిపాలు, తక్కువ ఆమ్లం ఉన్న డబ్బా వంటకాలు లాంటి కొన్ని తప్ప చాలా రకాలు ఇప్పుడు ఇంట్లోనే చేసి అమ్మవచ్చు. అంటే అరిసెలు, జంతికలు, కారప్పొడులు, పూతరేకులు సరే. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి ఈ చట్టం కిందికి రావు. ఫ్రిజ్‌లో ఉంచవలసిన వాటికి రాష్ట్ర ఆరోగ్య శాఖ దగ్గర నమోదు కావాలి. మీరు ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు చేసి ఉండాలి. ఇది టెక్సాస్ లోపలి అమ్మకాలకు ఇచ్చిన వెసులుబాటు. న్యూజెర్సీలో ఉన్న తోడికోడలి స్నేహితురాలికి దీని మీద పార్సిల్ పంపకండి. ఊరగాయల్లో నిమ్మ, మామిడి లాంటివాటి పులుపు మీదే భద్రత ఆధారపడి ఉంటుంది. పీహెచ్ 4.6 దాటకూడదు. చేసిన తేదీ, బ్యాచ్ నంబరు రాసి పెట్టండి.

లేబుల్ మీద వస్తువు పేరు, మీ పేరు, చిరునామా లేదా శాఖ ఇచ్చిన గుర్తింపు సంఖ్య, ఇది ప్రభుత్వ తనిఖీ లేని ఇంట్లో చేసినది అనే చట్టం చెప్పిన వాక్యం, అలర్జీ కలిగించే పదార్థాలు ఉండాలి. చివరిది ప్రాణం మీదికి వచ్చే సంగతి. నువ్వులు 2023 జనవరి 1 నుంచి అమెరికాలో తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థం. మన వంటల్లో నువ్వులు ఎక్కడ లేవు? అరిసెల మీద, జంతికల్లో, పొడుల్లో, చిమ్మిలిలో. వేరుశనగ, జీడిపప్పు, నెయ్యి, గోధుమ పిండి కూడా ఆ పట్టికలోవే. పిల్లవాడి స్నేహితుడు మన ఇంటి జంతిక తిని ఆస్పత్రికి వెళ్లకూడదు. లేబుల్ మీద ఆ ఒక్క గీత అందుకే. ఒకే మూకుడులో వేయించినవాటి సంగతి కూడా చెప్పండి.

సున్నిపిండి, కుంకుమ, కాటుక లాంటివి అమ్మేటప్పుడు ఇంకా జాగ్రత్త. అమెరికాలో అమ్ముడైన సింధూరంలో, పసుపు పొడిలో సీసం దొరికిన సందర్భాలు ఉన్నాయి. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని రంగు పొడిని డబ్బాలో పోసి మన పేరు వేసి అమ్మవద్దు. సున్నిపిండి చర్మానికి మెరుపు ఇస్తుంది అని రాస్తే అది సౌందర్య సాధనం. మొటిమలు నయం చేస్తుంది అని రాస్తే ఎఫ్‌డీఏ దృష్టిలో అది మందు అవుతుంది, మందుకు ఉన్న నియమాలన్నీ దానికి వర్తిస్తాయి. అమ్మమ్మ చెప్పిన మాటే అయినా డబ్బా మీద రాయకండి.

పన్నెండేళ్ల లోపు పిల్లల కోసం చేసే బొమ్మలకు, బట్టలకు 2008 నాటి కేంద్ర చట్టం ఒకటి ఉంది. సీసం హద్దులు, పరీక్షలు, గుర్తింపు లేబుళ్లు అడుగుతుంది. చిన్న తయారీదారులకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటికి కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ దగ్గర నమోదు కావాలి. దీన్ని భారం అనుకోకండి. మన ఏటికొప్పాక లక్క బొమ్మల కథ చూడండి. రసాయన రంగుల నుంచి ఆ కళను మళ్లీ కూరగాయల, ఆకుల, గింజల రంగుల వైపు తిప్పిన వారిలో సి.వి. రాజు గారు ముఖ్యులు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. పిల్లవాడు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ అన్నది ఆ కళకు కొత్త బజార్లు తెరిచింది. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. భద్రతే అక్కడ అమ్మకపు మాట అయింది. మనకూ అంతే.

తెలిసినవాళ్లకు అమ్మడం

కంపెనీల్లో వ్యాపారం నేర్చుకున్నవారికి ఎదురుకాని చిక్కు మనకు ఉంది. మన కొనుగోలుదారులంతా మనవాళ్లే. "అక్కా, నీకూ నాకూ మధ్య లెక్కేంటి, వచ్చే వారం ఇస్తాలే." "చెల్లీ, నాకొక్కదానికి తగ్గించు, ఎవరికీ చెప్పనులే." ఈ మాటలన్నవారు చెడ్డవారు కారు. మొహమాటం మన రక్తంలో ఉంది. మొహమాటానికి మందు ఒక్కటే, ముందే రాసిన కాగితం.

ఆర్డరు ఒప్పుకున్న రోజే వాట్సాప్‌లో ఒక సందేశం పంపండి. ఏమి, ఎన్ని, ఏ రంగు, ఏ తేదీకి, ధర ఎంత, పన్ను ఎంత, సగం అడ్వాన్సు ఎప్పటికి, రద్దు చేస్తే ఏమవుతుంది. అవతలివారు సరే అని జవాబిచ్చాకే కత్తెర పట్టండి. ఈ సందేశాన్ని ఒకసారి తయారు చేసి దాచుకుంటే ప్రతిసారీ ఖాళీలు నింపితే చాలు. అందరికీ అదే పంపుతారు కాబట్టి ఎవరికీ చిన్నతనం అనిపించదు. "మా దగ్గర అందరికీ ఇదే పద్ధతి అక్కా" అన్న ఒక్క మాట ఎన్నో స్నేహాలను కాపాడుతుంది.

మగ్గం పనివారికి ఇంకో సలహా. పట్టుబట్ట చేతికి తీసుకున్నప్పుడే ఇద్దరి ముందూ పరిచి ఫోటో తీయండి. ముందే ఉన్న మరక, చిరుగు, రంగు దిగే అంచు, అన్నీ అప్పుడే చూపించండి. కొలతలు కాగితం మీద రాసి వారి చేత చూపించుకోండి. వారు తెచ్చిన బట్ట ఖరీదు మన పని ఖరీదుకు పది రెట్లు ఉండవచ్చు.

తగ్గింపు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ బిల్లు మీద అసలు ధర రాసి, తగ్గింపు విడిగా రాసి ఇవ్వండి. లేకపోతే తగ్గించిన ధరే మీ ధర అని ఊరంతా తెలుస్తుంది. కొనేవాళ్లకు కూడా ఒక మాట. ఈ హాలులో అమ్మేవారి కంటే కొనేవారు ఎక్కువ. మాల్‌లో బేరం ఆడని మనం, గుడి బజారులో ఒక అక్క రెండు రాత్రులు కూర్చుని చేసిన వస్తువు మీద ఐదు డాలర్లు తగ్గించమని అడుగుతున్నాం. ఆ ఐదు ఆమె గంటలోంచి పోతాయి.

ఎక్కడ అమ్మాలి

మన గుడి బజారు మొదటి మెట్టు. ఇక్కడ కొనేవారికి తోరణం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. కానీ మన పండుగలు శ్రావణం నుంచి దీపావళి దాకా గుంపుగా వచ్చి, తర్వాత సంక్రాంతి, ఉగాది. మిగతా నెలల్లో గిరాకీ పలచన. ఆ నెలలు సరుకు తయారీకి, కొత్త నమూనాలకు వాడుకోండి. టెక్సాస్ ఆగస్టులో కారులో పెట్టిన మైనపు దీపాలు ముద్దయిపోతాయి, బెల్లం మిఠాయి చెమర్చుతుంది. వేసవి బజార్లకు ఏది తీసుకెళ్లాలో దాన్ని బట్టి ఎంచుకోండి.

రెండో మెట్టు మనవాళ్లు కానివారికి అమ్మడం. ఓల్డ్ టౌన్‌లో శనివారం పొద్దున జరిగే కాపెల్ ఫార్మర్స్ మార్కెట్ లాంటి చోట్లకు ముందు కొనేవారిగా వెళ్లి ఒక గంట నిలబడి చూడండి. ఎవరు దేని ముందు ఆగుతున్నారు, బోర్డు మీద ఏమి రాశారు, ధర కనిపిస్తోందా లేదా. అక్కడ వస్తువు పక్కన రెండు వాక్యాల కథ ఉండాలి. "ఇది మా ఊళ్లో పండుగ రోజు గుమ్మానికి కడతాం" అంటే చాలు. ప్రతి మార్కెట్‌కూ తన నియమాలు, దరఖాస్తు ఉంటాయి, ముందే కనుక్కోండి.

మూడో మెట్టు ఎట్సీ. 30 డాలర్ల తోరణం అక్కడ అమ్మితే లిస్టింగుకు 20 సెంట్లు, 6.5 శాతం కమీషను 1.95, చెల్లింపు ఖర్చు 3 శాతం, దాని మీద 25 సెంట్లు, అంటే 1.15. మొత్తం 3 డాలర్ల 30 సెంట్లు. బయటి ప్రకటన ద్వారా కొనుగోలుదారు వస్తే ఇంకో 15 శాతం. ఏడాదికి 10,000 డాలర్ల లోపు అమ్మేవారు ఆ ప్రకటనలు వద్దనుకోవచ్చు, సెట్టింగులలో చూడండి. అక్కడ అమ్మిన వాటికి టెక్సాస్ సేల్స్ టాక్స్ ఎట్సీయే వసూలు చేసి కడుతుంది. మీ టేబుల్ అమ్మకాలనూ వాటినీ వేరు వేరు వరసల్లో రాసుకోండి.

ఎప్పుడు ఆపాలి

ఏడాది చివర ఆ మూడో కవరు తీసి చూడండి. మీ గంటకు ఎంత పడింది? ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు? మెడ, మణికట్టు ఏమంటున్నాయి? గంటకు పది డాలర్లు కూడా రాకపోతే ధర మార్చాలి, లేదా వస్తువు మార్చాలి, లేదా ఆపాలి. ఆపడం ఓటమి కాదు. తోరణాలు మళ్లీ సొంత గుమ్మానికి, స్నేహితుల గుమ్మాలకు కట్టుకోవచ్చు. కానీ ఆ నిర్ణయం లెక్క చూసి తీసుకోండి, అలసటతో కాదు. బాగుంటే రెండో మనిషి చేతి సాయం తీసుకునే ముందు, ఆ మనిషికి ఇచ్చే గంట ధర మీ ధరలో ఇప్పటికే ఉందో లేదో చూడండి. మన శ్రమను ఉచితంగా కలిపి కట్టిన ధర మీద ఇంకొకరికి జీతం ఇవ్వలేం.

ఇంటికి వెళ్లాక ఈ వారం మూడు పనులు చేయండి. ఒకటి, మీ వీసా కాగితాలు, కార్డు గడువు చూసుకోండి. రెండు, మీరు ఎక్కువగా అమ్మే ఒక్క వస్తువుకు గంట లెక్క వేయండి. మూడు, ఆర్డరు సందేశం తయారు చేసి ఫోనులో దాచుకోండి. మేము వేసిన స్ప్రెడ్‌షీటు నమూనా, లేబుల్ నమూనా గుడి ముందు డెస్కు దగ్గర ఉంటాయి. వచ్చే బజారు నుంచి టేబుల్ ఫారంలో సేల్స్ టాక్స్ పర్మిట్ నంబరు, తినే వస్తువులైతే లేబుల్ ఫోటో అడుగుతాం. ఇది అడ్డుపెట్టడానికి కాదు. మన గుడి పేరు చూసి కొనేవారి నమ్మకం నిలబెట్టడానికి.

ప్రశ్నలు ఉంటే ఇప్పుడే అడగండి. అందరి ముందూ అడగడం ఇష్టం లేని వీసా సంగతులైతే ప్రసాదం తీసుకున్నాక పక్కకు రండి, ఎవరిని కలవాలో చెబుతాం.